మాట బయటికి పోని గది

మన పట్టణంలో ఇకమీదట ఏ పిల్లా ఒంటరిగా దిగులు పడే అవసరం లేదని ఆరోగ్యమంత్రిగారు మైకులో ప్రకటించారు. దిగులు పడదలచుకున్నవాళ్ళు ప్రభుత్వాసుపత్రి రెండో అంతస్తుకు వచ్చి, డాక్టరమ్మ సమక్షంలో పడవచ్చు. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. నా పక్కనున్న మనవరాలు కొట్టలేదు. పదిహేడేళ్ళ పిల్ల. కొన్ని నెలలుగా సరిగ్గా తినదు, నిద్రపోదు. "నేను లేకపోతే మీకే హాయి అమ్మమ్మా" అని ఒకరోజు బట్టలు మడతపెడుతూ అనేసింది. అందుకే రిబ్బను కత్తిరించకముందే వచ్చి ముందు వరసలో కూర్చున్నాం.

మంత్రిగారు గదిని శ్రద్ధగా చూశారు.

"తలుపులు రెండెందుకమ్మా?"

"లోపలి మాట బయటికి వినపడకుండా సార్" అంది డాక్టరమ్మ. "ఫోన్లు కూడా బయటే పెట్టి రావాలి. పిల్లలు చెప్పింది మేం ఎవరికీ చెప్పం."

"పోలీసులకు?"

"ప్రాణానికి ముప్పుంటే తప్ప చెప్పం."

"పేపరువాళ్ళకు? మా పార్టీవాళ్ళకు?"

"ఎవరికీ చెప్పం సార్."

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. పిల్లల బాధకు అంతగా కదిలిపోయిన నాయకుణ్ణి నేనెక్కడా చూడలేదు. వెంటనే పీఏని లోపలికి తీసుకెళ్ళి రెండు తలుపులూ వేసుకున్నారు. ఈ పీఏ ప్రతిదానికీ అవునండి అంటాడు కాబట్టి ఊరంతా ఆయన్ని అవునండిగారనే పిలుస్తుంది. కాసేపటికి తలుపు తెరుచుకుంది.

"లోపల గొంతు చించుకుని అరిచాను. వినపడిందా?" అన్నారు మంత్రిగారు.

"లేదండి" అన్నాం.

"అద్భుతం! ఇలాంటి గది లేక ఇన్నాళ్ళూ ఎంత నష్టపోయాం!"

"అవునండి" అన్నాడు అవునండిగారు.

మర్నాటినుంచి మంత్రిగారు పనులన్నీ మానుకుని ఆ గదికే అంకితమయ్యారు. తానొక్కరే బాగుపడితే సరిపోదని తోటి శాసనసభ్యులను కూడా వెంటబెట్టుకొచ్చేవారు. పగలంతా లోపల దిగులు పడేవారు. ప్రభుత్వాన్ని నడిపే సర్కారు పెద్దగారంటే గిట్టనివాళ్ళందరికీ ఒకేసారి దిగులు పుట్టడం వైద్యశాస్త్రానికే వింతట. పిల్లలూ మేమూ బయట బెంచీ మీద.

ఈ గది పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ళవాళ్ళకు మాత్రమేనని డాక్టరమ్మ ఒకరోజు గుర్తుచేసింది. మంత్రిగారు నొచ్చుకున్నారు.

"మనసు చూడమ్మా, వయసు కాదు. నాకు అలక రాదా? ఊరికే కోపం రాదా? నన్నెవరూ అర్థం చేసుకోవట్లేదని అనిపించదా?"

"అవునండి!"

"మరి ఈ పిల్లల సంగతేంటి సార్?"

"ఎదిగే వయసు. ఆగగలరు."

"ఆగలేరు సార్" అంది డాక్టరమ్మ. అప్పటికే రెండు తలుపులూ పడ్డాయి.

ఆవిడ మావైపు తిరిగి, "మెట్ల మీద కూర్చుందామా?" అని మా పిల్లను అడిగింది. పై అంతస్తు కడతామని మొదలుపెట్టి వదిలేసిన మెట్లవి. ఎక్కడికీ పోవు కనక అటు ఎవరూ రారు.

"అమ్మమ్మ ఉండొచ్చా? పంపేయమంటావా?"

"ఉండనివ్వండి మేడం. పంపేసినా వింటుంది."

డాక్టరమ్మ చదువు సంగతి అడిగింది, నిద్ర సంగతి అడిగింది. ఆ తర్వాత, టీ తాగుతావా అన్నంత మామూలుగా, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అంది.

గుర్తుచేసినట్టవుతుందని ఇంట్లో ఎవరమూ ఆ మాట ఎత్తం.

"అనిపిస్తోంది" అంది మా పిల్ల. అన్నాక దాని భుజాలు కాస్త కిందికి దిగాయి. ఇక మాటలు ఆగలేదు. డాక్టరమ్మ ఎక్కడా అడ్డురాలేదు. చివర్లో మాత్రం, "మళ్ళీ అలా అనిపిస్తే ముందు ఎవరికి చెబుతావు?" అంది.

"అమ్మమ్మకే. కానీ ఏడుస్తుంది."

"ఏడవనీ. ఏడుస్తూ కూడా నీ పక్కన కూర్చోగలదు."

కూర్చోగలనని నేను ముక్కు చీదుకుంటూ హామీ ఇచ్చాను.

అలా వారం వారం మెట్ల మీదే సాగింది. ఒకరోజు మా పిల్ల కూరలో ఉప్పెక్కువైందని నాతో పోట్లాడింది. నాకు పండగే.

లోపల మంత్రిగారి చికిత్స కూడా ఫలించింది. ప్రభుత్వం కూలిపోయి, ఆయనే సర్కారు పెద్దయ్యారు. తొలి సంతకం పిల్లల కోసమే పెట్టారు. "మూసిన తలుపుల వెనక ఏం జరుగుతోందో ప్రభుత్వానికి తెలిసి తీరాలి. ఇలాంటి ప్రతి గదిలోనూ కెమెరా, మైకు బిగించండి. అంతా పిల్లల భద్రత కోసమే!" చప్పట్లు మోగిపోయాయి.

ఆ వారం మాకు గదిలోకి పిలుపొచ్చింది. మెత్తటి కుర్చీలు, చల్లటి గాలి. అవునండిగారు కొత్త హోదాలో వచ్చి తీగలన్నీ లాగి చూసి వెళ్ళాడు. గోడ మీద ఎర్ర దీపం వెలిగింది.

"ఎలా ఉన్నావు?" అంది డాక్టరమ్మ.

మా పిల్ల దీపం వైపు చూసింది. "చాలా సంతోషంగా ఉన్నానండి. దిగులంటే ఏంటో మర్చిపోయాను. ప్రభుత్వానికి నా కృతజ్ఞతలు" అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"చాలా మంచిది. వెళ్ళిరా" అంది డాక్టరమ్మ. మమ్మల్ని పంపడానికి తనూ లేచి మాతో బయటికొచ్చింది.

ఆదివారం పేపరు మొదటి పేజీలో సర్కారు పెద్దగారి నవ్వు, దాని కింద వార్త: కొత్త ప్రభుత్వ విధానంతో ఒక్క నిమిషంలో బాలికకు పూర్తిగా నయం.

మరుసటి వారం వెళ్ళేసరికి మెట్లు దుమ్ముకొట్టుకుని ఉన్నాయి. మా పిల్ల సంచిలోంచి ఆ పేపరు తీసి, రెండుగా చింపి, ఒక ముక్క డాక్టరమ్మకు పరిచి, రెండో ముక్క మీద తను కూర్చుంది.

"మొన్న రాత్రి మళ్ళీ అనిపించింది మేడం" అంది. "అమ్మమ్మను లేపాను."