శిఖరాలూ, పరిసర ప్రాంతమూ

మా దీవిలోని రెండు అగ్నిశిఖరాలకూ ఇకమీదట ఊరి జనం వల్ల ఎలాంటి ప్రమాదమూ ఉండదని రాజధాని పోర్ట్ విలా నుంచి వచ్చిన పరిరక్షణ సంఘం ప్రకటించింది. పెద్ద శిఖరం మా తాతల కాలంలో రెండు ఊళ్ళను బూడిద కింద పూడ్చిపెట్టింది కాబట్టి, ప్రమాదం అటునుంచి ఇటు వస్తుందని అంతవరకూ అనుకుంటూ వచ్చాం. చదువు లేకపోతే ఇలాగే ఉంటుంది.

శిఖరాలను కాపాడాలంటే పరిసర ప్రాంతాన్ని కాపాడాలి. పరిసర ప్రాంతం అంటే మా ఊరి లెయిసలే పెండలం తోట. సంఘాధ్యక్షులు కల్మెట్‌గారి బావమరిది కట్టించిన అతిథి కుటీరాలు శిఖరానికి ఇంకా దగ్గరే గానీ, అవి ప్రకృతిలో కలిసిపోయాయని పరిశీలనలో తేలింది. లెయిసలే మొగుడు పోయిన మనిషి. ఆ పెండలమే ఆమెకు ఏడాది తిండి, వచ్చే ఏటికి విత్తనం కూడా. తీగలు పండుబారగానే గునపం భుజాన వేసుకుని తోటకు బయలుదేరింది. దారిలో సంఘం ఇచ్చిన కొత్త టోపీ పెట్టుకున్న కాపలాదారు ఆపాడు. వాడు వరసకు ఆమె మేనల్లుడే.

"తవ్వకూడదత్తా. మట్టి కదిలితే కొండ సహజత్వం పోతుందంట."

"మరి కొండే కదిలితే ఏం చేస్తార్రా?"

"దానికి అనుమతి ఉంది."

"ఒరే, తీగలు ఎండిపోతున్నాయిరా. ఇంకో వాన పడిందంటే దుంపలన్నీ కుళ్ళిపోతాయి."

"కుళ్ళితే కుళ్ళనీ అత్తా. కుళ్ళడం సహజమే కదా, దానికి సంఘం అడ్డు చెప్పదు."

ఆమె ఊరిపెద్ద కల్తక్ దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకుంది. రక్షిత ప్రాంతం ప్రారంభోత్సవం ఒకటి కానిమ్మనీ, పెద్దలు వస్తారు కదా, తానే మాట్లాడతాననీ ఆయన అభయమిచ్చాడు. మాట్లాడటానికి మా పెద్ద పెట్టింది పేరు.

ప్రారంభోత్సవానికి మన సంస్కృతి ఉట్టిపడాలని సంఘంవారి అలంకరణ విభాగం పట్టుదలగా పనిచేసింది. కొండ దారికి అడ్డంగా నమేలే ఆకులతో పచ్చటి తోరణం కట్టింది. మా దగ్గర దారికి అడ్డంగా నమేలే ఆకు కట్టారంటే ఆ దారి మూసేసినట్టు. పందిని కోసి ఆకు దించేదాకా ఎంతటివాడూ దాటడు. ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు. అలంకరణ విభాగంలో చిన్నపిల్లలు లేరు.

కల్మెట్‌గారు కారు దిగి, తోరణం చూసి, ఉన్నచోటే ఆగిపోయారు. ఆయనా పక్క దీవివారే. పట్నంలో చొక్కా మారింది గానీ లోపలి భయం మారలేదు. అయితే నాయకుడన్నవాడు ఎక్కడ ఆగితే అదే వేదిక. "కొండను దగ్గరికెళ్ళి చూడటం ఎవరైనా చేస్తారు. దూరం నుంచి గౌరవించడం మన జాతికే చెల్లింది" అని అక్కడే గంటసేపు ప్రసంగించారు. చివర్లో, ఆకు సంఘం ఖర్చుతో కట్టింది కాబట్టి పందిని ఊరే పెట్టుకుని సంప్రదాయాన్ని నిలబెట్టాలని పిలుపునిచ్చారు. మేం చప్పట్లు కొట్టాం. మాట్లాడతానన్న కల్తక్ కూడా కొట్టాడు.

ఆ సాయంత్రం మత్తెక్కించే కావా వేరు రసం తాగుతూ పందుల గురించి తర్జనభర్జన చేశాం. ఒకరి పంది చూలుతో ఉంది, ఒకరిది పెళ్ళికి ఇస్తానని ఒప్పుకున్నది, ఊరిపెద్ద పంది ఊరిపెద్దది. ఏ ఇబ్బందీ లేని పంది ఊరంతటికీ ఒక్క లెయిసలేదే. కోరలు గుండ్రంగా తిరిగిన ఆ పందిని ఆమె మొగుడు ప్రాణంలా పెంచాడు.

"దారి తెరుచుకుంటే మేలు నీకే కదా చెల్లెమ్మా. తోట అటువైపేనాయె" అన్నాడు కల్తక్.

ఆ మాట ఆమెకు నిజమే అనిపించింది. పంది మెడ నిమిరి తాడు మా చేతికిచ్చింది. మర్నాడు పంది పడింది, ఆకు దిగింది, అతిథులు కెమెరాలతో కొండెక్కారు. మాంసం అందరికీ సమంగా పంచాం. ఆ విషయంలో మా ఊళ్ళో పక్షపాతం లేదు.

లెయిసలే మళ్ళీ గునపంతో వెళ్ళింది. మేనల్లుడు టోపీ సర్దుకుని, "తెరిచింది దారినే అత్తా, తోటను కాదు" అన్నాడు.

ఆమె గునపంతోనే వెనక్కి తిరిగింది. నేరుగా కల్తక్ వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"అన్నా, నా తోట చుట్టూ ఒక్క ఆకు కట్టు. అంత పెద్దమనిషి ఆకు చూసి ఆగిపోయాడు గదా. మళ్ళీ ఆగుతాడు."

కల్తక్ ఆమెకు పీట వేశాడు. "ఆకు పవిత్రమైందమ్మా. ఇలాంటి తగాదాల్లోకి దాన్ని లాగకూడదు" అన్నాడు.

తర్వాత వానలు పట్టాయి. దుంపలు ఉన్నచోటే సహజంగా కుళ్ళిపోయాయి. కొత్త పెండలం విందునాడు అందరం తలా ఒక దుంప తెచ్చి పెద్ద ముందు పెట్టాం. లెయిసలే ఉత్త చేతులతో వచ్చి ఓ మూల కూర్చుంది.

"చూశావా, ఒక్క దుంపైనా తెచ్చిందేమో" అంది నా పక్కావిడ. "కొండ పక్కన తోట ఉండేసరికి కళ్ళు నెత్తికెక్కాయి."

నిజమేనని తలూపాం. ఆమె పంది మాంసం మేమంతా తిన్నమాట వాస్తవమే. కానీ విందుకు ఉత్త చేతులతో రావడం మాత్రం మా ఊరి సంప్రదాయం కాదు.