ఫోకస్ పడిన చోటు

ఏ సంఘం ఎంత ఎదిగిందో తెలుసుకోవడానికి దాని చరిత్ర చదవనక్కర్లేదు. గ్రూప్ ఫొటోలో ఎవరి ముఖం స్పష్టంగా పడిందో చూస్తే చాలు. ఆ కొలమానం ప్రకారం, జార్జియాలోని కమ్మింగ్ పట్టణపు గిలాదు తెలుగు సహవాసం ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై నిమిషాలకి అధికారికంగా కనుమరుగైంది. డెబ్బై నాలుగు మంది సభ్యులు, డెబ్బై నాలుగు మసకలు. ఇది వరసగా నాలుగో ఆదివారం.

“మళ్లీనా?” అంది క్రిస్టీ.

ఆమె భర్త మోజెస్, సహవాసపు స్వచ్ఛంద ఫొటోగ్రాఫరు, కెమెరా తెర మీంచి తల ఎత్తలేదు. ఎత్తితే ముందు వరస మధ్యలో కూర్చున్న దెబోరా మామ్మగారి కళ్లలోకి చూడాల్సివస్తుంది.

“వచ్చిందా మోజెసూ?” అని కేకేశారు మామ్మగారు.

“వచ్చింది మామ్మగారూ. కొంచెం... మెత్తగా వచ్చింది.”

“ఇడ్లీయా మెత్తగా రావడానికి? నా కళ్లకి ఎలాగూ మబ్బుంది. ఫొటోక్కూడా ఎందుకురా?”

హాలంతా నవ్వింది. మోజెస్ నవ్వలేదు. పదిహేనేళ్ల కిందట అల్ఫారెట్టాలోని మామ్మగారి బేస్‌మెంట్‌లో తొమ్మిది మందితో మొదలైన సహవాసం ఇది. ఇప్పుడు ఆవిడ చూపు మధ్యలోంచి ఆరిపోతోంది. క్రిస్మస్ దాకా ముఖాలు ఆనవాలు పట్టగలరని, ఆపైన మాట ఇవ్వలేనని కంటి డాక్టరు చెప్పాడు. రేపు ఉదయం వేరే రాష్ట్రంలో, ట్రాయ్‌లో ఉన్న కూతురి ఇంటికి వెళ్లిపోతున్నారు. వెళ్తూ ఆవిడ అడిగింది ఒక్కటే: అందరి ముఖాలూ కనిపించే పెద్ద ఫొటో. “కళ్లుండగానే ఒక్కొక్కళ్లనీ చూసుకుని కంఠతా పట్టేస్తాను,” అన్నారు.

హాలు ఒక మిడిల్ స్కూల్ వారి బాస్కెట్‌బాల్ జిమ్. రెండింటికల్లా ఖాళీ చేయాలి. మిగిలింది నలభై నిమిషాలు.

ఇక లెన్స్ సంగతి. మూడు నెలల కిందట మీడియా కమిటీ ఒక వైడ్ యాంగిల్ లెన్స్ తెప్పించింది. ఇరవై నాలుగు మిల్లీమీటర్లు, అపర్చర్ (వెలుతురు లోపలికొచ్చే కంత) 1.4. దాన్ని సభకి పరిచయం చేస్తూ కమిటీ చైర్మన్ అబ్రహాం గారు, “హాలంతా పడుతుంది. చీకట్లోనూ చూస్తుంది. మనుషులు కత్తిలా వస్తారు, వెనకున్నదంతా వెన్నలా కరిగిపోతుంది,” అని ప్రకటించారు. ఆమేన్ అన్నారందరూ. నాలుగు వారాలుగా వస్తున్న ఫొటోల్లో కత్తీ ఉంది, వెన్నా ఉంది. కాకపోతే వెనక గోడ కత్తిలా ఉంది, విశ్వాసులు వెన్నలా కరిగిపోయారు.

ఇలాంటి విపత్తులు వచ్చినప్పుడు వెనకబడిన సంఘాలు లెన్స్ మార్చి చూస్తాయి. గిలాదు సహవాసానికి తీర్మానాలున్నాయి. ఆరో తీర్మానం ప్రకారం 1.4 లెన్స్‌తో 1.4లోనే, అంటే కంత పూర్తిగా తెరిచే, తీయాలి. (“కారు కొనుక్కుని నడిచి వెళ్తామా?” అన్నది అబ్రహాం గారి వాదన. ఎవరి దగ్గరా జవాబు లేకపోవడంతో ఏకగ్రీవమైంది.) తొమ్మిదో తీర్మానం ప్రకారం, వెనక ఫ్లెక్సీ లేని ఫొటోని చర్చి ఫొటోగా పరిగణించరు. పద్నాలుగో తీర్మానం ప్రకారం, మొదటి మసక ఫొటో వచ్చిన క్షణం నుంచి కెమెరా మీద ఏ మీటా ఎవరూ తిప్పకూడదు. సాక్ష్యం చెరిగిపోతుంది. అందుకని మీటలన్నిటికీ గోడలకి రంగు వేసేటప్పుడు అంటించే నీలం టేపు చుట్టారు. మోజెస్‌కి నొక్కే బొత్తాం ఒక్కటే మిగిలింది.

ఆ తర్వాత లెన్స్ ప్రవర్తనా విచారణ ఉపసంఘం ఏర్పడింది. అధ్యక్షులు అబ్రహాం గారు. సభ్యులు కూడా ఆయనే. (మిగిలిన ఇద్దరూ ఊళ్లో లేరు. కోరం ఒకటికి కుదించారు.)

ఉపసంఘం ఎవరినీ వదల్లేదు. ప్రతి ఆదివారం మోజెస్ ఒక గడుల ఫారం నింపాలి, విచారణ ముగిశాక దాన్ని సభలో మైకులో చదవాలి. మొదటి వారం పిల్లల్ని అనుమానించింది. కదులుతున్నారని వాళ్లని తీసేసి ఫొటో తీస్తే, పెద్దలు అంతే మసకగా వచ్చారు. రెండో వారం నేలని అనుమానించింది. ఈ రకం లెన్స్‌లలో స్పష్టంగా పడే భాగం తిన్నగా కాక ఒక్కోసారి వంపుగా ఉంటుందని అబ్రహాం గారు ఎక్కడో చదివారు. కాబట్టి సభ కూడా వంగాలని జిమ్ నేల మీద టేపుతో అర్ధచంద్రం గీయించి, కుర్చీలు దాని వెంట వేయించారు. వంపు తిరిగిన మసక వచ్చింది. మూడో వారం అంచుల వంతు. వైడ్ లెన్స్ చివర్లలో నిలబడ్డవాళ్లని పక్కకి సాగదీస్తుంది.

“పోయినసారి చివర నిలబడ్డాను. నా భుజం పక్కూరు డల్యూత్ దాకా వెళ్లింది. ఇంక నేను నిలబడను!” అని క్రిస్టీ తిరగబడింది.

దాంతో అంచు బాధ్యతా వంతుల పట్టిక తయారైంది. ఒక వారం సాగినవాళ్లకి మరుసటి వారం మధ్యలో చోటు. మసకగానే, కానీ మధ్యలో.

లెన్స్ చిత్రించే తీరు మీద కూడా వాంగ్మూలాలు తీసుకున్నారు. జరీ అంచుల మెరుపులు ఉల్లిపాయ చక్రాల్లా వస్తున్నాయని ఒకరు, మూలల్లో దీపాలకి రెక్కలు మొలుస్తున్నాయని మరొకరు చెప్పారు. రెక్కల సంగతి లెన్స్ లోపమేనని మోజెస్ మనవి చేసుకున్నాడు. పరలోక సూచన అయ్యే అవకాశాన్ని తోసిపుచ్చలేమని ఉపసంఘం రాసుకుంది.

చివరికి బయటి నిపుణుణ్ణి పిలిచారు. శ్రీహర్ష, మోజెస్ ఆఫీసులోనే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ లీడ్, ఫొటోల పిచ్చి ఉన్నవాడు. ఆదివారాలు చర్చికి రాడు కాబట్టి నిష్పక్షపాతి. లెన్స్‌ని సోమవారం నుంచి శనివారం దాకా ఇంట్లో పెట్టుకుని, తన కెమెరాకి తగిలించి, ఒకే ఇటుక గోడని రెండొందల పన్నెండుసార్లు తీశాడు. ఇటుకల వైపు నుంచి ఒక్క ఫిర్యాదూ రాలేదు.

ఒంటిగంటా ముప్పైకి అతను లాప్‌టాప్‌తో జిమ్‌లో అడుగుపెట్టాడు. మోజెస్‌ని బాస్కెట్‌బాల్ రింగు కిందకి లాక్కెళ్లాడు. క్రిస్టీ వెంట వచ్చింది.

“బ్రో, లెన్స్ క్లీన్. మూల మూలకీ షార్ప్. ఫోకస్ కూడా గురి తప్పట్లేదు, ఎటు చూడమంటే అటే చూస్తోంది. ప్రాబ్లం నీ కెమెరాలో ఫేస్ డిటెక్షన్. హాల్లో అన్నిటికంటే పెద్ద ముఖం ఏదో వెతికి దాని కంటి మీద ఫోకస్ చూపించే పచ్చరంగు గడి పెడుతోంది.”

“ఊఁ.”

“ఊఁ ఏంటి? ఇటు చూడు.” కెమెరా కార్డు లాప్‌టాప్‌లో పెట్టి, ఇవాళ్టిదాకా నాలుగు ఆదివారాల ఫొటోల్నీ వరసగా పెద్దవి చేశాడు శ్రీహర్ష. వెనక గోడ మీది ఫ్లెక్సీ తెర నిండా పరుచుకుంది. నెల కిందటే విజయవాడలో అచ్చు వేయించి, సూట్‌కేస్‌లో చుట్టి తెప్పించిన ఫ్లెక్సీ. ‘పదిహేనవ వార్షికోత్సవ శుభాకాంక్షలు’ అన్న అక్షరాలు ఒక పక్కన సర్దుకోగా, మిగిలిన చోటంతా నాలుగడుగుల అబ్రహాం గారి ముఖం. కనుబొమల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. కుడి కనుపాప మీద విజయవాడ ప్రింటర్ వదిలిన సిరా చుక్క కూడా కనిపిస్తోంది. “నాలుగుసార్లూ ఈయన కుడి కన్నే. ఒక్క మిల్లీమీటర్ తేడా లేదు. ఇది నువ్వు చూడలేదా?”

“మొదటి ఆదివారమే చూశాను.”

శ్రీహర్ష అతన్ని ఎగాదిగా చూశాడు. “మరి ఫారంలో పదకొండో గడి, ‘ఫోకస్ పడిన చోటు’ దగ్గర మూడు వారాలూ ‘బ్యాక్‌గ్రౌండ్’ అని రాసింది నువ్వేనా?”

“తప్పేముంది? బ్యాక్‌గ్రౌండే కదా.”

“మూడేళ్ల కింద లేఆఫ్ అయినప్పుడు మేం నాలుగు నెలలు ఆయన ఇంట్లోనే ఉన్నాం అన్నయ్యా,” అంది క్రిస్టీ గొంతు తగ్గించి. “ఈయన్ని ప్రతి ఇంటర్వ్యూకీ ఆయనే డ్రైవ్ చేసి తీసుకెళ్లేవారు. బయట పార్కింగ్‌లో కూర్చుని ప్రేయర్ చేసేవారు. ఇప్పుడు మైకులో ఆయన పేరు ఎలా చదువుతారు?”

“అయితే ఫ్లెక్సీ తీసెయ్యండి.”

“తీయాలంటే చైర్మన్ సంతకం కావాలి.”

“ఆయన ముఖాన్ని ఆయనే తీయాలన్నమాట. సూపర్ ప్రాసెస్ బ్రో,” అన్నాడు శ్రీహర్ష. అతను పని చేసే చోట కూడా ఇంచుమించు ఇలాంటి పద్ధతే ఉండడంతో అంతకు మించి ఆశ్చర్యపోలేదు.

ఒంటిగంటా నలభై ఐదు. అబ్రహాం గారు మైకు అందుకున్నారు. ఆయన వెనక, ఆయనే, చేతులు జోడించి నవ్వుతున్నారు.

“ప్రియ సహోదరులారా, నిపుణుల నివేదిక వచ్చింది. లెన్స్ నిర్దోషి అని తేలింది. ప్రైజ్ ద లార్డ్! అంటే ఏమిటన్నమాట? తప్పు చేసినవాళ్లు మన మధ్యే ఉన్నారు.” ఆయన చూపు జాలిగా మోజెస్ మీద ఆగింది. “నేను ఎవరినీ నొప్పించను. కానీ మామ్మగారు రేపు వెళ్లిపోతున్నారు. ఇంక సాగదీయడం నా వల్ల కాదు. అందుకని ఇప్పుడే తీర్మానం ఇరవై ఒకటి రాశాను. దోషి పేరు సభలో పైకి చదవాలి. చదివిన వెంటనే, వాళ్లు ఎంతటివారైనా సరే, హాల్లోంచి బయటకి పంపేయాలి. మిగిలినవాళ్లతో వెంటనే ఫొటో తీయాలి. ఇదిగో నా సంతకం.”

సంతకం చేశారు. తేదీ వేశారు. టైం కూడా వేశారు. అప్పుడు మోజెస్ దగ్గరకొచ్చి, మైకు పక్కకి పట్టుకుని, “ఏం పర్లేదు నాయనా. రెండు నిమిషాలు బయట కూర్చో. క్రిస్టీ తీస్తుంది. ఎవరూ ఏమీ అనుకోరు, నేను చూసుకుంటాగా,” అన్నారు. నిజంగానే అన్నారు. కావాలంటే తనూ బయటకొచ్చి పక్కన కూర్చునే మనిషి.

అదే ప్రాణం మీదకి వచ్చింది మోజెస్‌కి. తల ఊపితే చాలు. బయట బెంచీ మీద రెండు నిమిషాలు. లోపల ఐదో మసక.

ఫారం అతని చేతికిచ్చారు. ఒకటో గడి నుంచి పదో గడి దాకా గబగబా చదివేశాడు. తేదీ, హాలు, వెలుతురు, దూరం, వంపు, అంచులు, రెక్కలు. పదకొండో గడి దగ్గర ఆగాడు.

“ఫోకస్ పడిన చోటు: బ్యాక్‌గ్రౌండ్,” అన్నాడు.

“అంటే?” అని అడిగారు మామ్మగారు.

“అంటే... వెనక, మామ్మగారూ.”

“వెనక గోడకి నాతో ఏం పనిరా? దానికో పేరుండదా?” ఆవిడ చేతిలో భూతద్దం ఉంది, ఫొటో వస్తే చూసుకుందామని తెచ్చుకున్నారు. దాన్ని కంటికి పెట్టుకుని, అర్ధచంద్రం పొడవునా ఒక్కొక్క ముఖాన్నీ వెతకడం మొదలుపెట్టారు. “నువ్వు క్రిస్టీవి కదూ? అబిగేలేదీ? అబిగేలూ, ఓసారి పలకవే... ఆఁ, అక్కడున్నావా.”

ఎవరూ నవ్వలేదు. వరసలో తర్వాతివాళ్లు పిలవకముందే తమ పేర్లు తామే చెప్పడం మొదలుపెట్టారు.

ఒంటిగంటా యాభై రెండు. తలుపు దగ్గర స్కూల్ కేర్‌టేకర్ తాళాల గుత్తి ఆడిస్తున్నాడు.

“చెప్పు మోజెస్, భయపడకు,” అన్నారు అబ్రహాం గారు ఎంతో ప్రేమగా. “ఎంత పెద్దవాళ్లైనా సరే.”

“నాలుగడుగులు అంకుల్.”

“ఆఁ?”

మోజెస్ పెన్ను తీసి పదకొండో గడిలో ‘బ్యాక్‌గ్రౌండ్’ కొట్టేశాడు. పైన రెండు మాటలు రాశాడు. మైకు తీసుకున్నాడు. తీర్మానం ఇరవై ఒకటిని మడత విప్పి, సంతకం అందరికీ కనిపించేలా పట్టుకున్నాడు.

“దోషి అబ్రహాం గారు,” అని చదివాడు. “ఇక్కడ నిలబడ్డాయన కాదు. వెనక వేలాడుతున్నాయన.”