కొత్త గొడ్డలికి బొట్టు

ఆ ఉదయం ఓబులమ్మ అనుకున్న పని చాలా చిన్నది. కోడికూర, ఓళిగలు చేయడం, ఎవరి నోటా పొలం గట్టు మాట రాకుండా చూసుకోవడం. గట్టు తగాదాతో ఏడాదిగా మాటల్లేని బావగారు, మొగుడి అన్న తిమ్మప్ప, పెద్దమనుషులు సర్దిచెప్పాక మొదటిసారి భోజనానికి వస్తున్నాడు. మొగుడు నరసింహప్ప నాటుకోడి కోసం బత్తలపల్లెకు పోయాడు. ఆయన తిరిగొచ్చేలోపు ఏదో ఒకటి చెడి తీరుతుందని ఓబులమ్మ నమ్మకం.

"అమ్మా, ఇనప గొడ్డలి చేసినా, చూడు" అంటూ కొడుకు వీరేష్ ఫోను చూపించాడు. అదొక ఆట. మనుషుల్లేని దీవిలో చెట్లు కొట్టి, రాళ్ళు ఏరి, పనిముట్లు చేసుకుని బతకాలి. రాతి గొడ్డళ్ళు ఊరికే విరిగిపోతుంటే, వారమంతా ఇనుము తవ్వి, కరిగించి దీన్ని చేశాడట. బొమ్మలో పక్కనే ఒక చెక్క ఇల్లు కూడా ఉంది. ఫోను మంచం మీద పెట్టి వాడు స్నానానికి పోయాడు.

ఓబులమ్మకు మనసు ఒప్పలేదు. ఆ ఇంట్లో కొడవలి గానీ, బోరు మోటారు గానీ, చివరికి గ్యాసు పొయ్యి గానీ బొట్టు లేకుండా పనిలోకి దిగింది లేదు. బైకుకు పూజ ఆలస్యమైనందుకే కదా వీరేష్ మోకాలు గీరుకుపోయింది. తడి పసుపులో వేలు ముంచి ఫోనులోని గొడ్డలి మీద పెట్టింది. గొడ్డలి లేచి చెక్క తలుపు మీద పడింది. ఉలిక్కిపడి కొంగుతో తుడిచింది. తుడిచే కొద్దీ దెబ్బలు. తలుపు పోయింది, గోడ పోయింది. ఇంకాస్త గట్టిగా రుద్దేసరికి కప్పు కూడా దిగింది.

తల తుడుచుకుంటూ వచ్చిన వీరేష్ నిలబడిపోయాడు. "అది మన ఇల్లు కాదమ్మా. సందీప్‌ది."

సందీప్ తిమ్మప్ప కొడుకు. వాళ్ళింట్లో కూర్చుని తన ఫోనులో ఇదే దీవిలో ఆడతాడు. ఇల్లు కూలడం చూసే ఉంటాడు, ఫోను చేస్తే ఎత్తడం లేదు.

ఓబులమ్మకు కళ్ళముందు పోలీసు స్టేషను, కోర్టు, ఆస్పత్రి వరసగా కనబడ్డాయి. కోపమొస్తే మగవాళ్ళు చేతికందింది తీసుకుంటారు. అందుకని ఇంట్లో ఉన్న అసలు గొడ్డలి, కొడవళ్ళు, కత్తిపీట అన్నీ మూటగట్టి వేరుశనగ పొట్టు కుప్పలో పూడ్చింది. నరసింహప్ప కోడితో వచ్చి కత్తి అడిగితే, ఈ రోజు పప్పే చేస్తానంది. ఉల్లిగడ్డలు చేత్తో చితక్కొట్టింది. బతికిపోయిన కోడి వాకిట్లో తిరుగుతుండగా తిమ్మప్ప బైకు ఆగింది. మొహం ఎర్రగా ఉంది.

ఓబులమ్మ ఆయన్ను కూర్చోనివ్వలేదు. "మా వీరేష్ తప్పేం లేదు బావా. మీ ఇల్లు నేనే కూలగొట్టినా."

తిమ్మప్ప నివ్వెరపోయి ఇంటికి ఫోను చేశాడు. భార్య నల్లమ్మ బయటికొచ్చి చూసి, ఇల్లు నిలబడే ఉందంది. గొర్రెల దొడ్డి కూడా చూడమన్నాడు. అదీ ఉంది. అప్పుడు వీరేష్ అడ్డం పడి ఆట సంగతంతా చెప్పాడు.

ఓబులమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఆ ఇల్లా?" అన్నాడు తిమ్మప్ప. "దాన్ని కట్టుకుంటా మావాడు మంచం దిగి ఎన్నాళ్ళయిందో. పొద్దున ఉన్నట్టుండి ఫోను పారేసి, పార ఎత్తుకుని చేనికి పోయినాడు. దయ్యమేమన్నా పట్టిందేమో అని మీతో చెప్పుకుందామని బిరబిరా వచ్చినా." గొంతు తగ్గించాడు. "వాడు మళ్ళా కడతాడు. అప్పుడు కబురు చేస్తా, ఇంకోతూరి బొట్టు పెట్టు తల్లీ."

అన్నదమ్ములిద్దరూ పడీపడీ నవ్వి, ఒకే మంచం మీద కూర్చుని పప్పన్నం తిన్నారు.

ఓబులమ్మ నవ్వలేదు. అలవాటు లేని పిల్లవాడికి చేనిలో వడదెబ్బ తగిలితే, ఆ మాట ఎవరి మీదికి వస్తుంది?