వల చుట్టిన పాప బండి

ఢిల్లీరావు ఇంట్లో టీవీ రిమోటుకు ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. ఆ తొడుగు మాసిపోకుండా దాని మీద ఇంకో తొడుగు. లోపలి బొత్తాలు కనపడక మూడేళ్ళుగా ఆ ఇంట్లో ఒకటే చానెలు నడుస్తోంది. వజ్రపుకొత్తూరు రేవులో అందరూ ఆయన్ని మూటల ఢిల్లీ అంటారు. ఆయన దాన్ని బిరుదే అనుకుంటాడు.

అంతటి మనిషికీ ఒక మచ్చ ఉంది. పోర్టుబ్లెయిర్లో ఉద్యోగం చేసే బావమరిది ధనుంజయ్ ఒకసారి టేపురికార్డరు పంపాడు. ఉప్పుగాలికి పాడైపోతుందని ఢిల్లీరావు దాన్ని నాలుగు గోనెల్లో చుట్టి అటకెక్కించాడు. రెండేళ్ళ తర్వాత విప్పితే లోపల ఎలక కాపురం పెట్టి పిల్లల్ని కూడా కనేసింది. అప్పట్నుంచి ధనుంజయ్ ఫోను చేస్తే మొదటి మాట, "బావా, ఎలకలు బాగున్నాయా?"

ఆ మాట విన్నప్పుడల్లా ఢిల్లీరావుకి తల కొట్టేసినట్టుండేది.

2007 వేసవిలో పరువు దక్కించుకునే అవకాశం వచ్చింది. ఢిల్లీరావుకి కూతురు పుట్టినప్పుడు మేనమామ హోదాలో ధనుంజయ్ ఒక పాప బండి పంపాడు. నాలుగు చక్రాలు, ఎండకి చిన్న గొడుగు, నొక్కితే మడతపడిపోయే సోకు. ఇప్పుడు ధనుంజయ్‌కి కొడుకు పుట్టాడు. బండి తీసుకుని పది రోజులుండేలా రమ్మని కలకత్తా నుంచి విమానం టిక్కెట్లు తీశాడు. బండి మీద ఒక్క గీత పడిందా, ఇక జన్మంతా ఎలకల మాటే.

"మడతెట్టి ఇచ్చీత్తే సాలంట మావా," అంది భార్య సంతోషి. "ఇమానం గుమ్మం దాకా పాపని కూకోబెట్టి తోసుకెళ్ళొచ్చని అన్న సెప్పినాడు."

"మీ అన్న సెప్తాడు. సామాన్లు ఇసిరీవోడు మీ అన్నేటి? ఒంటి మీద గుడ్డ లేకుండా పరాయోడి సేతిలో ఎట్టీమంటావా?"

"అది బండి మావా. పెళ్ళికూతురు కాదు."

"సూడే, పందెం! గీత పడితే అక్కడున్న పది రోజులూ పిల్లని నానే మొయ్యాల. పడకపోతే మీ అన్న ముందర 'మా మావ లాంటోడు లేడు' అని నువ్వు మూడుసార్లు అనాల."

సంతోషి ఒక్క క్షణం ఆలోచించి సరేనంది. అంత తొందరగా ఒప్పుకున్నందుకైనా ఆయన అనుమానించాల్సింది.

రెండు రోజులు పట్టింది ముస్తాబు. ముందు కొబ్బరి పీచు దట్టంగా పరిచాడు. దాని మీద తన తండ్రి వాడేసి మూల పడేసిన పాత వల తెచ్చి పదకొండు చుట్లు చుట్టాడు. జానెడుకొక వలముడి. ఆ ముడి లాగేకొద్దీ బిగుస్తుంది గానీ ఊడదు. చివరికి బండి గుమ్మడికాయంత గుండ్రంగా, ఎద్దంత బరువుగా తయారైంది.

"ఏటైనా వాసనొత్తందేటే?" అనడిగాడు.

సంతోషి వంగి గట్టిగా పీల్చింది. ఎండుచేపల పాకలో పుట్టి పెరిగిన ముక్కు అది. "ఏటీ లేదు మావా," అంది నిజాయితీగా.

పలాసలో రైలెక్కారు. సోంపేట దాటకముందే ఎదుటి బెర్తు ఆయన ముక్కు మూసుకుని వేరే పెట్టెలోకి వెళ్ళిపోయాడు. కాళ్ళు చాపుకోవడానికి చోటు దొరికిందని ఢిల్లీరావు సంబరపడ్డాడు.

కలకత్తా విమానాశ్రయంలో అసలు కథ మొదలైంది. పోలీసు కుక్క ఒకటి వరసలో అందరినీ దాటుకుంటూ వచ్చి, మూట ముందు చతికిలబడింది. లెమ్మన్నా లేవలేదు. దాన్ని పట్టుకున్న అధికారి మొహం మారిపోయింది. చుట్టూ జనం పది అడుగులు వెనక్కి జరిగారు. విమానానికి ఇంకా నలభై నిమిషాలే ఉంది.

"ఖోలో!" అన్నాడు అధికారి.

విప్పమంటున్నాడని ఢిల్లీరావుకి అర్థమైంది. విప్పడానికి వీల్లేకుండానే కదా కట్టింది! వేళ్ళతో లాగాడు, ముడి బిగిసింది. పళ్ళతో లాగాడు, పన్ను కదిలింది. చెమటలు పట్టాయి. కంగారులో వచ్చిన రెండు హిందీ ముక్కల్లో ఒకటి గట్టిగా అరిచాడు.

"చాకూ! చాకూ!"

విమానాశ్రయంలో చాకు కావాలని అరిచిన మనిషి చుట్టూ ఎంత మంది చేరాలో అంతమందీ చేరారు. ఇద్దరి చేతుల్లో తుపాకులు కూడా ఉన్నాయి. ఢిల్లీరావుకి గీత సంగతి దేవుడెరుగు, జైలు తప్పితే చాలనిపించింది.

"పాపని అట్టుకో," అంది సంతోషి. పిల్లని ఆయన చేతుల్లో పెట్టి, ఇచ్ఛాపురం మేనత్త దగ్గర నేర్చుకున్న ఒడియాలో అధికారికి ఏదో చెప్పింది. బెంగాలీ ఆయనకి సగం అర్థమైనట్టుంది, తలూపాడు. ఆమె నేల మీద కూర్చుని తలపిన్ను తీసింది. వలలు కుట్టే పైడయ్య కూతురు మరి. పిన్ను దూర్చి తిప్పితే ఒక్కో ముడీ వదులైంది.

ఇరవై నిమిషాలయ్యింది. విమానం పిలుపు ఒకసారి వినిపించింది. రెండోసారి వినిపించింది. పాప ఏడుపు అందుకుంది. ఢిల్లీరావు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కేశాడు.

ఆఖరి చుట్టు ఊడేసరికి వల మూలలోంచి అరచేయంత ఎండుచేప కింద పడింది. కుక్క తోకాడించింది.

అధికారి నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని, సైగలతో చెప్పాడు: ఇంత చుట్టడమెందుకు, పిల్లని ఇందులోనే విమానం గుమ్మం దాకా తోసుకుపోవచ్చుగా!

సంతోషి మొగుడి వంక చూసింది. పాపని అందుకుని బండిలో కూర్చోబెట్టింది.

పోర్టుబ్లెయిర్లో ధనుంజయ్ బండిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఒక్క గీత లేదు బావా! మెచ్చుకున్నాను!" ఢిల్లీరావుకి నిజంగానే కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళ ఎలకల అవమానం ఒక్క మాటతో తీరింది.

"అంటావేటి మరి?" అన్నాడు భార్యతో, ఛాతీ విరిచి.

ఈలోగా ధనుంజయ్ భార్య భాను, ఆ పట్నంలోనే పుట్టి పెరిగిన మనిషి, మూడు నెలల కొడుకుతో బండి దగ్గరికి వచ్చి టక్కున ఆగిపోయింది. "అమ్మో, ఏం కంపు వదినా ఇది! ఇందులో బాబుని పడుకోబెట్టనా? పది రోజులు ఎండలో పెట్టాల్సిందే!"

సంతోషి మాట తప్పే మనిషి కాదు.

"మా మావ లాంటోడు లేడు," అంది, కూతుర్ని ఆయన కుడి భుజం మీద వేస్తూ.

"మా మావ లాంటోడు లేడు," అంది, భాను చేతుల్లోంచి మేనల్లుణ్ణి అందుకుని ఆయన ఎడమ చేతిలో పడుకోబెడుతూ.

మూడోసారి అనబోయి ఆగింది. "ఉండు మావా. బాబు నిద్దరోయినాక అంటాను. బండి గుడ్డలు ఉతకాల కదా."