ఉద్యోగం చేస్తున్న సర్టిఫికెట్

ఫార్మసీ చదువు దండగ అనేవాళ్ళని ఒక్కసారి నా ముందుకు తీసుకురండి! చదివిన మనిషి ఇంట్లో హాయిగా కూర్చుంటే, సర్టిఫికెట్ ఒక్కటే వెళ్ళి ఉద్యోగం చేసుకొచ్చే చదువు ఇంకెక్కడైనా ఉందా? ఇంజనీరు సర్టిఫికెట్ వెళ్ళి వంతెన కడుతుందా? లాయరు పట్టా కోర్టులో నిలబడి వాదిస్తుందా?

మా మేనకోడలి సర్టిఫికెట్ మాత్రం రెండేళ్ళపాటు మా వీధి చివర మందుల షాపులో పనిచేసింది. పొద్దున్న షట్టరు ఎత్తేసరికి డ్యూటీలో ఉండేది, షట్టరు దించేదాకా గోడ దిగేది కాదు. జలుబు చేసిందని సెలవు పెట్టేది కాదు. ఏసీ గాలి సరిగ్గా దాని మీదికే కొట్టేది. మా అమ్మాయికి ఆరేళ్ళ చదువులో ఏసీ తగిలింది ప్రయోగాలకి పెంచే ఎలుకల గదిలోనే, అదీ ఎలుకల కోసం పెట్టింది!

ఆమెని ఆ చదువులో చేర్పించింది నేనే. "జబ్బులున్నన్నాళ్ళూ మందులుంటాయి బావా, పిల్లకి ఇక ఢోకా లేదు" అని మా బావకి నూరిపోశాను. ఆయన ఇల్లు కట్టుకుందామని కొన్న స్థలం అమ్మి ఫీజులు కట్టాడు. స్థలం పోతేనేం? ఇంటి పన్ను బెడద తప్పింది. అద్దె ఇంట్లో పంపు చెడినప్పుడల్లా ఇంటాయన్ని తిట్టుకునే సౌకర్యం మిగిలింది!

చదువు అయ్యాక మేనకోడలు మందుల కంపెనీల చుట్టూ తిరిగింది. అనుభవం ఉందా అన్నారు. "ఉద్యోగం ఇస్తే వస్తుందండీ" అంది. నవ్వి పంపించారు. ఒక కంపెనీ మాత్రం, బ్యాగు భుజాన వేసుకుని డాక్టర్ల గదుల బయట కాచుకుని ఉండే పని ఇస్తానంది. దానికి ఆరేళ్ళ చదువెందుకు, కాళ్ళు గట్టివైతే చాలదూ! చివరికి వీధి చివర షాపుకి వెళ్ళి, కౌంటర్లో నిలబడి మందులు ఇస్తానని అడిగింది.

షాపాయనకి మందుల గురించి తెలిసిందల్లా వాటి ధర. "మీకెందుకండీ శ్రమ? షాపు లైసెన్సుకి సర్టిఫికెట్ ఇవ్వండి చాలు, నెలనెలా డబ్బు ఇంటికే పంపించేస్తా" అన్నాడు. అమ్మాయి మొహం చిన్నబోయింది. "నేను చదివింది గోడకి తగిలించుకోడానికా మామయ్యా?" అంది. నేను పెద్దమనిషి హోదాలో సర్దిచెప్పాను. కూర్చున్న చోటికి డబ్బొస్తుంటే ఎవరైనా కాలదన్నుకుంటారా? ఫ్రేము కూడా నేనే దగ్గరుండి కట్టించాను.

పైగా ఇంకో లాభం చూడండి. కాగితాల మీద ఆ షాపుకి ఫార్మసిస్టు మా అమ్మాయే. అంటే కంపెనీలు అడిగిన అనుభవం, ఆమె ఇంట్లో బట్టలు మడతపెడుతున్నా పెరుగుతూనే వచ్చిందన్నమాట!

మొన్న తనిఖీ ఆఫీసరు వస్తున్నాడని షాపాయన హడావుడిగా ఫోను చేశాడు. "అమ్మా, ఒక్క గంట తెల్లకోటు వేసుకుని నిలబడు చాలు. ఏదీ ముట్టుకోకు." నా మందులు అయిపోయాయి కదా అని నేనూ వెంట వెళ్ళాను. మేనకోడలు కోటు మడతలు చేత్తో సాపు చేసుకుని కౌంటర్ వెనక నిలబడింది. ఆమె మొహంలో అంత సంతోషం పట్టా చేతికొచ్చిన రోజు కూడా నేను చూడలేదు. ఆఫీసరు కోటుని చూశాడు, గోడని చూశాడు, సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

"ఇక వెళ్ళిరా అమ్మా" అంటూ షాపాయన నా మందులు కవర్లో వేశాడు. మేనకోడలు ఆ కవరు లాక్కుంది.

"మామయ్యా, ఇది రక్తం పలచబడ్డానికి గుండె డాక్టరు రాసింది. ఈ నొప్పి మాత్ర ఎవరు రాశారు?"

"ఎవరూ రాయలేదమ్మా. మోకాళ్ళు లాగుతున్నాయంటే ఈయనే ఇచ్చాడు."

"ఎన్నాళ్ళయింది?"

"మూణ్ణెల్లు."

"గడ్డం గీసుకుంటే తెగిన చోట రక్తం ఓ పట్టాన ఆగట్లేదు కదూ?"

నేను గడ్డం తడుముకున్నాను. నిజానికి దాన్ని నేను రక్తపుష్టి కింద లెక్కేసి, నలుగురికీ గొప్పగా చెప్పుకుంటున్నాను!

"రెండూ కలిస్తే కడుపులో రక్తం కారుతుంది మామయ్యా. పద డాక్టరు దగ్గరికి!"

"అందరికీ ఇస్తున్నదే కదమ్మా" అన్నాడు షాపాయన.

మేనకోడలు బిల్లు తీసి నా కళ్ళ ముందు పెట్టింది. "కింద ఫార్మసిస్టు అని ఎవరి పేరుందో చదువు. ఈ మూణ్ణెల్లూ నీకు ఈ మాత్రలు ఇచ్చింది నేనే."

తర్వాత స్టూలు లాక్కుని, ఎక్కి, ఫ్రేము దించేసింది. షాపాయన ఆమెని వదిలేసి నా వైపు తిరిగాడు. "కావాలంటే ఇంకొంచెం పెంచుతాను, మీరైనా చెప్పండి సార్!" సర్దిచెప్పడంలో ఆరితేరిన నేను ఆమె చేతిలోంచి ఫ్రేము అందుకున్నాను.

డాక్టరు నన్ను పరీక్షించి, ఇంకొన్నాళ్ళు వాడి ఉంటే ప్రాణం మీదికొచ్చేదన్నాడు. "ఇంతకీ కనిపెట్టిందెవరు?" అని అడిగాడు.

"మా ఇంట్లో ఖాళీగా కూర్చున్న పిల్లండీ" అన్నాను.

ఆ సాయంత్రానికే షాపు గోడకి ఇంకో సర్టిఫికెట్ ఎక్కింది. అది ఎవరిదో, ఆ మనిషి ఏ ఊళ్ళో ఉన్నాడో నాకు తెలియదు. కానీ వాళ్ళింట్లోనూ నాలాంటి తెలివైన మేనమామ ఒకడు ఉండే ఉంటాడు. అతను మీకు తారసపడితే, తన మందులు కూడా ఆ షాపులోనే కొనుక్కోమని చెప్పండి!