రెండు చందువలు, కోయకుండా

మంగళవారం ఉదయం జగన్నాధం వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికేమీ లేదు. శ్రీకాకుళంలోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆయన మొదటి ఏడాది పిల్లలకు పదకొండేళ్లుగా జీవశాస్త్రం చెబుతున్నాడు. పెళ్లి కాలేదు. దానికి పెద్ద కారణమేమీ లేదు. ఎవరూ పట్టించుకోలేదు, ఆయనా గుర్తుచేయలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు ప్రయోగశాలలో గోడవైపు తిరిగి కూర్చుని క్యారేజీ విప్పుకునేవాడు.

2016 జూన్‌లో కాలేజీ వాళ్లు చిత్రకళా పరిచయం అని కొత్త కోర్సు పెట్టారు. అది చెప్పడానికి విజయనగరం నుంచి పద్మకుమారి రోజూ బస్సులో వచ్చేది. నలభై దాటిన మనిషి, తమ్ముడి ఇంట్లో ఉంటుంది. ఆమెకు విడిగా గదేదీ ఇవ్వకపోవడంతో ప్రయోగశాలలోనే, బల్లకు అవతల కూర్చుని భోంచేసేది. జగన్నాధం కుర్చీ ఇటు తిప్పుకున్నాడు.

"వంకాయ తినేముందు ఎప్పుడైనా సరిగ్గా చూశారా మాస్టారూ? నీడ ఏ పక్కన పడుతోందో చెప్పండి" అనేది ఆమె. ఆయన నీడ సంగతి వదిలేసి గింజల సంగతి చెప్పేవాడు. ఆ ఒక్క గంట కోసమే ఆయన మిగతా ఇరవైమూడు గంటలూ ఎలాగో నెట్టుకొచ్చేవాడు.

చిక్కల్లా ఏమిటంటే, ఆ కోర్సులో ఆరుగురే చేరారు. గురువారం మధ్యాహ్నానికి ఇరవై మంది కాకపోతే ఎత్తేస్తానని ప్రిన్సిపాల్ నరసింగరావు తేల్చి చెప్పేశాడు. ఎత్తేస్తే పద్మకుమారి రాదు. కుర్చీ మళ్లీ గోడవైపు తిరుగుతుంది. అందుకే జగన్నాధం ఉమ్మడి క్లాసు ఆలోచన చేశాడు. తన పిల్లలు యాభై మంది ఆమె దగ్గర కూర్చుని బొమ్మలు వేస్తే, పద్నాలుగు మందైనా కోర్సులో చేరకపోతారా అని ఆయన ఆశ.

ఇద్దరి క్లాసుకూ కావలసినవి ఆయనే ఒక కాగితం మీద శుభ్రంగా రాశాడు. ఆమెకు రాగిచెంబు, కొబ్బరికాయ, అరటిపళ్లు, అద్దం, కింద పరవడానికి ఎర్రగుడ్డ. ఆయనకు పువ్వు భాగాలు చూపడానికి మందారాలు, ఈనెలు చూపడానికి తమలపాకులు, చందువ చేపలు రెండు. ఆడదొకటి, మగదొకటి, కోయకుండా, పొలుసు తీయకుండా. పైన "గురువారం ఉదయం పది గంటలకు, జగన్నాధం – పద్మకుమారి" అని రాసి, కింద గీత కూడా గీశాడు. కాగితం అటెండరు ఎర్రన్న చేతిలో పెట్టి బజారుకు పంపాడు.

పెద్ద మార్కెట్లో బుల్లమ్మ దగ్గర ఎర్రన్న ఆగాడు. ఆమె కళింగపట్నం నుంచి రోజూ తెల్లారేసరికి గంపతో వస్తుంది. జగన్నాధం పదకొండేళ్లుగా ఆమె దగ్గరే కొంటాడు.

"మీ సారుకి రెండు సేపలా?" అంది బుల్లమ్మ. "ఆ మనిషి ఏనాడైనా ఒకటి దాటి కొన్నాడేటి? ఇంకేటి రాసినాడో సదువు."

ఎర్రన్న చదివాడు. పేర్లతో సహా చదివాడు. బుల్లమ్మ కళ్లు తుడుచుకుంది.

"మా ఇళ్లల్లో కోయని సేపలు జంటగా అడిగితే దేనికో తెలుసునా? నిశ్చయ తాంబూలానికిరా! పాపం, సెప్పుకోడానికి ఎవులూ నేక నీ సేత సీటీ రాసి పంపినాడు."

"నాకేటి తెలుసు? తెమ్మన్నారు, తెత్తన్నాను" అన్నాడు ఎర్రన్న. కాదని మాత్రం అనలేదు. చేపలు గురువారం పొద్దున్నే తాజాగా తనే తెస్తానంది బుల్లమ్మ.

అక్కడి నుంచి పని ఎర్రన్న చేతిలో లేదు. పళ్లమ్మే దాలమ్మ ఒక అత్తం అరటిపళ్లు అడిగితే గెల మొత్తం ఇచ్చింది. బట్టలకొట్టు వాళ్లు ఎర్రగుడ్డకు బదులు ఎర్ర పట్టుచీర కట్టి పంపారు. బుధవారం సాయంత్రం కూరగాయలకు వెళ్లిన ప్రిన్సిపాల్ భార్య ఈ కబురు ఇంటికి మోసుకొచ్చింది. తనకు చెప్పలేదని నరసింగరావు ముందు నొచ్చుకున్నాడు, తర్వాత కాలేజీ పరువు గుర్తొచ్చి రెండు వందల మందికి జిలేబీ, ఆవరణలో షామియానా పురమాయించాడు.

గురువారం ప్రిన్సిపాల్ క్లాసు చూడటానికి వస్తాడని జగన్నాధం ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఎవరికైనా అనుమానముంటే ఆ చొక్కాతో తీరిపోయింది. షామియానా చూసి, క్లాసుకు ఇంత గౌరవమా అని ఆయన మురిసిపోయాడు. గదిలో కిటికీల దాకా జనం. ముందు వరసలో బుల్లమ్మ, దాలమ్మ. సంతోషం పట్టలేక ఆయన పాఠం మొదలుపెట్టాడు.

"ఈ మందారం చూడండి. ఒకే పువ్వులో ఆడభాగం, మగభాగం రెండూ ఉంటాయి."

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"మాస్టారూ, ఆ పాఠం తరవాత సెప్పుకుందురు" అంది బుల్లమ్మ. "ముందు పిల్లకి బొట్టెట్టనియ్యండి."

అప్పుడే బొగ్గుముక్కల డబ్బాతో లోపలికి వచ్చిన పద్మకుమారికి బొట్టు పెట్టేసి, చేతిలో తమలపాకులు కూడా పెట్టేసింది. నరసింగరావు గొంతు సవరించుకున్నాడు. "ఇన్నాళ్లకు మన జగన్నాధం గారు ఒక ఇంటివారవుతున్నారు..."

పద్మకుమారి చెంబు కింది పట్టుచీర వంక చూసింది, పళ్లెంలోని చేపల వంక చూసింది.

"మీరు చెప్పారా మాస్టారూ?"

ఎవరూ ఏమీ సరిదిద్దకుండా ఇలాగే ఉండిపోతే బాగుండునని జగన్నాధానికి అనిపించింది. అంత బలంగా ఆయనకు ఏనాడూ ఏదీ అనిపించలేదు. ఆ మాటే అనొచ్చు. నోరు తెరిచాడు.

"లేదండీ. నేను క్లాసుకు కావలసిన సామానే రాశాను" అన్నాడు.

ఆమె ఇంకేదైనా అంటాడేమోనన్నట్టు చూసింది. తర్వాత నవ్వేసింది. "సరే, అందరూ వచ్చారు కదా. కూర్చోండి. ఎర్రన్నా, కాగితాలు పంచు."

పిలవని పేరంటానికి వచ్చిన వాళ్లంతా బొమ్మలు వేశారు. బుల్లమ్మ బొగ్గు ఎత్తకుండా ఒక్క గీతలో చందువ గీసింది. రెక్క, మొప్ప దేనికది చోటు తప్పలేదు. అది చూసి పిల్లలు ఎగబడ్డారు. జిలేబీ అయిపోయేలోగా నలభై ఇద్దరు పేర్లు రాయించుకున్నారు. కోర్సు నిలబడింది. ఇంత జనాన్ని పోగుచేసిన జగన్నాధాన్నే నరసింగరావు కోర్సు బాధ్యుడిగా వేసి, టైంటేబుల్ కూడా ఆయన్నే తయారుచేయమన్నాడు.

నలభై ఎనిమిది మంది పట్టే గది ఒక్కటే ఉంది. అది రోజంతా ఏదో ఒక క్లాసుతో నిండి ఉంది. ఖాళీ ఒంటిగంట నుంచి రెండు వరకు మాత్రమే. జగన్నాధం మూడుసార్లు లెక్క చూసుకున్నాడు, ఆ గడిలో తన చేత్తోనే పద్మకుమారి పేరు రాశాడు.

ఇప్పుడు ఒంటిగంటకు గోడ అవతల నుంచి "నీడ ఏ పక్కన పడుతోంది?" అని వినిపిస్తుంది. ఆయన కుర్చీ మళ్లీ గోడవైపు తిప్పలేదు. ఎదురుగా బల్ల మీద జాడీలో చందువలు రెండూ ఉంటాయి.

ఆదివారం మార్కెట్లో బుల్లమ్మ అడిగింది. "జంట ఎలాగున్నాది మాస్టారూ?"

"బాగానే ఉంది."

"నేటికి ఒకటా, రెండా?"

"ఒకటే, బుల్లమ్మా. కోసే ఇవ్వు."

జాడీలో పెట్టేముందు పరీక్షిస్తే రెండూ మగవేనని తేలిన సంగతి మాత్రం ఆయన ఆమెకు చెప్పలేదు.