తులమెత్తు పందికొక్కు

భవానీపురంలో అంతోనిని వీధంతా బారెడు అంతోని అంటారు. కృష్ణలో జెల్ల చేప కనబడినా, పెరట్లో బీరకాయ కాసినా చేతులు బారచాపి చూపించందే అతనికి మాట రాదు. వినేవాళ్లు కాస్త వెనక్కి జరిగి వింటారు.

అలాంటి అంతోనికి ఫిబ్రవరి వస్తోందంటే దిగులు. గుణదల మేరీమాత తిరునాళ్లకని చల్లపల్లి నుంచి మామగారు శౌరయ్య దిగుతాడు. ముందుగదిలో మకాం పెడితే ఈస్టరు దాటాక గాని కదలడు. అంతోని పడకకుర్చీ, ట్రాన్సిస్టరు ఉండేది ఆ గదిలోనే. ఆయనున్నన్నాళ్లూ ట్రాన్సిస్టరులో వ్యవసాయ కార్యక్రమం తప్ప మరోటి మోగదు. అంతోనికి వంటింటి గుమ్మమే గతి.

ఈసారి అతను ముందే జాగ్రత్తపడ్డాడు.

"అమలా, ముందుగదిలో పందికొక్కు తిరుగుతోంది. మీ నాన్నగారిని రావద్దని రాసెయ్యి," అన్నాడు భార్యతో.

"ఎంతుందేంటి?" అంది అమలమ్మ బియ్యం ఏరుతూ.

అంతోని చేతులు చాపాడు. "మూడు కిలోలుంటుంది."

"చూశారా, తూచారా?"

"చూస్తే తెలీదా? పెద్దాయన కాలు కొరికితే ఎవరిది పూచీ?"

అమలమ్మ మొగుడి వంక కాసేపు చూసి, సరేనని కార్డు రాసింది. ఆ పూట అంతోని రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

తిరునాళ్లకింకా బోలెడు రోజులుండగానే శౌరయ్య దిగాడు. చంకలో పక్కచుట్ట, ఒక చేతిలో బోను, మరో చేతిలో పొలాల్లో ఎలుక కన్నాలకి పొగబెట్టే కుండ.

"మూడు కిలోల కొక్కు మా వైపు కూడా పుట్టలేదు అల్లుడుగారూ. మీ అత్తగారైతే ఆ మాట విని నేను రానంది. దాన్ని పట్టిందాకా నేను కదల్ను," అన్నాడు.

మర్నాడు గచ్చు తవ్వితే నిజంగానే ఒక కన్నం బయటపడింది. శౌరయ్య కన్నం దగ్గర బోను పెట్టి, కుండలో గడ్డి అంటించి పొగ ఊదాడు. అది కన్నంలోకి తప్ప అన్నిచోట్లకీ వెళ్లింది. పక్కింటి నాగూర్ ఇల్లంటుకుందనుకుని కిటికీలోంచి బిందెడు నీళ్లు గుమ్మరించాడు. పడకకుర్చీ తడిసింది, ట్రాన్సిస్టరు మూగబోయింది. అంతోని దగ్గుతూ అరుగు మీద కూలబడ్డాడు.

పొగ తగ్గాక చూస్తే బోనులో బొటనవేలంత చిట్టెలుక కూర్చుని ఉంది. నాగూర్ వెండిపని చేసేవాడు. తన చిన్న త్రాసు తెచ్చి, ఎలుకను గుడ్డలో మూటగట్టి తూచి, గుడ్డ బరువు తీసేశాడు.

"తులమండీ," అన్నాడు.

"పెళ్లయిన ఇన్నేళ్లకి మీ ధర్మమా అని కళ్లజూసిన తులం ఇదేనండీ," అంది అమలమ్మ మొగుడితో.

"ఇది గట్లు తొలిచే చిట్టెలుక. అసలుది ఇంకా లోపలే ఉంది. అది దొరికేదాకా ఉంటాను," అన్నాడు శౌరయ్య.

అంతోని గబుక్కున అడ్డుపడ్డాడు. "లేదండీ మామగారూ, ఇదే అది. చీకట్లో పెద్దగా కనబడింది."

"నిజంగా ఇదేనా?" అంది అమలమ్మ.

"మేరీమాత మీద ఒట్టు."

"అయితే ఇంక భయం లేదు నాన్నా. కొక్కుందనే కదా అమ్మ రానంది. అమ్మనీ, పిన్నినీ కూడా రమ్మందాం."

అంతోని ఆలోచనలో పడ్డాడు. ఎలుక పెద్దదైతే మామగారు కదలరు. చిన్నదైతే అత్తగారు వస్తారు. మధ్యరకం ఎలుక ఏదైనా ఉంటే బావుండునని అతను అనుకుంటుండగానే అమలమ్మ అతని చేతికి సంచీ ఇచ్చింది.

"మీరే వెళ్లి తీసుకురండి. పెద్దవాళ్లిద్దరూ తోడు లేకుండా బస్సెక్కలేరు."

అంతోని చెప్పులు తొడుక్కున్నాడు.